ఎనిమిదో పురుగు

జల్లెడ మూడోసారి ఆడించేసరికి అడుగు పళ్లెంలో పడ్డ నుసి కదిలింది. తొమ్మిది పురుగులు. జల్లెడమ్మ పళ్లెం అంచు మీద గోటితో ఒక్క దెబ్బ వేసింది. నడుస్తున్నవన్నీ ఉన్నచోటే కాళ్లు ముడుచుకుని, ముక్కు పొట్టకిందికి వంచుకుని, చచ్చినట్టు పడిపోయాయి. అది వాటి నాటకం. కాసేపు అలికిడి లేకపోతే మళ్లీ ఒక్కొక్కటే కాళ్లు చాచి, ఏమీ ఎరగనట్టు పళ్లెం గోడ పట్టుకుని ఎక్కుతాయి. ముక్కుపురుగుకి కిందికి దిగడం తెలియదు. ఎక్కడ వదిలినా పైకే పోతుంది.

ఆ పళ్లెం పట్టుకునే ఆఫీసు గది గుమ్మం దాకా వెళ్లింది. రోజూ పదింటికి పళ్లెం చూపించడం పద్ధతి. లోపల ఆమె కూతురు నిలబడి ఉంది. కూతురిది అదే గోదాములో గింజలు పరీక్ష చేసే ఉద్యోగం. లారీ మీది గోనెలో ఇనుప గొట్టం గుచ్చి, వచ్చిన గింజ చూసి, సరుకు లోపలికి రావచ్చో లేదో చీటీ మీద రాయాలి. రెండేళ్లు చదివి, పెద్దాఫీసు ముద్ర ఉన్న సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు బల్ల మీద, మేనేజరు మోచేతి కింద ఉంది.

ఆయన్ని ఎదురుగా సారూ అంటారు, వెనకాల చూద్దాం సారంటారు. కప్పు కారుతోందన్నా చూద్దాం, జల్లెడ వల తెగిందన్నా చూద్దాం. ఆ పొద్దున మాత్రం ఆ మాట అనలేదు. మూడో వరసలో పురుగు పడడానికి కారణం పరీక్ష చేసే అమ్మాయి నిర్లక్ష్యమేనని, ఊడ్చిన చెత్త కాల్పించలేదని, గోడ పగుళ్లు దులిపించలేదని, పురుగు అక్కడ పుట్టి గోనెల్లోకి పాకిందని కాగితం మీద రాసిందంతా మెత్తగా చదివి వినిపించాడు. ఐదో రోజున పెద్దాఫీసు నుంచి తనిఖీ మేడం వస్తారట. ఆవిడ దీని కింద సంతకం పెడితే సర్టిఫికెట్ రద్దు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ ఏ గోదామూ గడప తొక్కనివ్వదు.

చెత్త రోజూ కాల్చింది జల్లెడమ్మే. ఆ మాట చెప్పింది కూడా.

ఆయన తలెత్తి జాలిగా చూశాడు. "తల్లివి కదా, అలాగే చెప్తావు. నేనైనా అంతే చెప్పేవాణ్ణి," అన్నాడు. తర్వాత పళ్లెం వైపు తొంగిచూసి, తొమ్మిదని రాసిపెట్టుకోమని గుమాస్తాకి సైగ చేశాడు.

కూతురు ఏడవలేదు. బల్ల అంచు మీదున్న తన ఇనుప గొట్టం తీసుకుని, గుడ్డతో రెండువైపులా తుడిచి, గోడకున్న మేకుకి తగిలించి వచ్చేసింది. ఆ తుడవడం చూస్తూ తల్లి మండిపోయింది. తిట్టి ఉంటే, గొట్టం విసిరికొట్టి ఉంటే ఇంత మండేది కాదు.

ఇంట్లో నీళ్ల కుండ వెనక చీకటి మూలలో పదకొండు గాజు సీసాలున్నాయి. ఒక్కో దాంట్లో గుప్పెడు గోధుమలు. మూతులకి పల్చటి గుడ్డ, ఆ గుడ్డకి కట్టిన దారం. గోదాముకి లారీ వచ్చినప్పుడల్లా, సరుకు లోపలికి దిగకముందే, జల్లెడమ్మ ఓ గుప్పెడు తలరుమాలులో కట్టుకొచ్చేది. ఆ రోజు నుంచి రోజుకో ముడి దారానికి వేసేది. ఎందుకంటే రేపు ఎవరైనా ఏమైనా అంటే. ఆమెకి ఎప్పుడూ రేపు ఎవరో ఏదో అంటారనే. గాలివాన వస్తే కప్పు లేచిపోతుందని, కూతురు పావుగంట ఆలస్యమైతే లారీ కిందే పడిందని, పొయ్యి మీద పాలు పొంగితే ఇంకేదో కబురు రాబోతోందని. అందరి అమ్మలూ నగలు దాచుకుంటే మా అమ్మ గోధుమలు దాచుకుంటుందని కూతురు నవ్వేది.

ఆ సాయంత్రం నవ్వలేదు. సీసాలు జరుపుతూ ఇరవయ్యారు ముడులున్నదాన్ని వెతికి పట్టుకుంది. అది మేనేజరు బావమరిది పంపిన లారీ. కిటికీ వెలుగులో పట్టి తిప్పితిప్పి చూసింది.

"ఒక్కటీ రాలేదే," అంది.

ఆ లారీ వచ్చిన రోజు జల్లెడలో ఒక్క పురుగూ పడలేదు. కూతురికి మాత్రం మనసొప్పక ఓ గుప్పెడు గింజలు గ్లాసుడు నీళ్లలో పోసింది. ఇరవై దాకా పైకి తేలాయి. లోపల డొల్లగా ఉన్న గింజే తేలుతుంది. పైకి శుభ్రం, లోపల అనుమానం, నెలరోజులు విడిగా ఉంచాలి అని చీటీ రాసిచ్చింది. మేనేజరు ఆ చీటీ జేబులో పెట్టుకుని, శుభ్రం అని ఒక్క మాటే ఉన్న ఇంకో చీటీ సంతకానికి ముందుకి తోశాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. కూతురు కలం పట్టుకుని ఆగితే, పక్కనే జల్లెడ పట్టుకుని నిలబడ్డ తల్లే, "పెద్దాయనతో మనకెందుకే, పెట్టేయ్," అంది.

పెట్టేయ్ అన్న ఆ నోటిని ఇప్పుడు ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. నీళ్లు తాగింది. చేదుగా ఉన్నాయి.

కూతురు సీసా ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆడ పురుగు ముక్కుతో గింజకి బెజ్జం పొడిచి, ఒక్క గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూత వేస్తుంది. బయటికి గింజ గింజలాగే ఉంటుంది. లోపల పిల్ల పుట్టి, తిని, పెరిగి, రెక్కలొచ్చాక గోడ కొరుక్కుని బయటపడుతుంది. దానికి నెల పడుతుంది. గోదాము గడప తొక్కని ఈ సీసాలో ఒక్క పురుగు దానంతటది పుట్టినా చాలు, అది లారీలోనే వచ్చిందని చెప్పడానికి వేరే సాక్షి అక్కర్లేదు.

"రాకపోతే?" అంది తల్లి.

"రాకపోతే దీన్ని అక్కడికి తేవొద్దు. ఉత్త గోధుమలు చూపించి నవ్వులపాలు కావడమెందుకు."

జల్లెడమ్మ సీసా తీసుకుని మళ్లీ కుండ వెనకే, ఇంకాస్త లోపలికి, ఎండా వేడీ తగలనిచోట భద్రంగా పెట్టింది.

మర్నాడు కూతురు లేకుండా ఒక్కతే పనిలోకి వెళ్లింది. మానేస్తే కూలి పోతుందని కాదు. ఆ మనిషి ముఖం రోజూ చూడాలని. చూడకపోతే కోపం చల్లారిపోతుందేమోనని ఆమె భయం.

వారానికోసారి మేనేజరు ఇంటికి పోయే గోధుమలు జల్లెడ పట్టిపెట్టడం కూడా ఆమె పనే. ఎవరూ చెప్పిన పని కాదు, ఎప్పుడు మొదలైందో తెలియకుండా మొదలైన పని. ఆ రోజు ఆ సంచి ముందుకొచ్చింది. జల్లెడమ్మ సంచి మూతి విప్పి, పక్కన పళ్లెంలో చచ్చినట్టు పడున్న పురుగుల్ని చూసింది. చేతి దూరం కూడా లేదు. ఓ చారెడు వేస్తే చాలు. నెల తిరిగేసరికి వాళ్ల డబ్బాలు, అలమార్లు, పిండి, అన్నీ నడుస్తాయి. ఆయన పెళ్లాం జల్లించి జల్లించి చేతులు పడిపోతాయి. ఆలోచిస్తూ చాలాసేపు కూర్చుంది. ఈ పురుగులు తింటే మనిషికేమీ కాదు. అదొక్కటే వాటిలో ఉన్న లోపం అనుకుంది. ఆ మాట తనే అనుకుని తనే ఉలిక్కిపడి, సంచి మూతి గట్టిగా బిగించేసింది.

మోత మనుషుల మేస్త్రి భుజం మీది గోనె దించి, కొక్కెం నడుముకి దోపుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఏంటక్కా, పురుగులకి పేర్లు పెడుతున్నావా?" అన్నాడు.

ఒకదానికి మీ సారు పేరు పెట్టానంది ఆమె. అతను నవ్వబోయి, ఆఫీసు కిటికీ వైపు చూసి, నవ్వు మింగేశాడు. ఆ లారీ సరుకు విడిగా వేయమని కూతురు చెప్పింది ఇతనితోనే. మధ్యనున్న మూడో వరసలోకి వేయించింది సారు. అది చెప్తావా రేపు మేడం ముందు, అని అడిగింది. మేస్త్రి తల గోక్కున్నాడు. నలుగురు పిల్లలక్కా, అన్నాడు. ఆపైన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మూడో రోజు పళ్లెంలో ముప్పైరెండు. మూడో వరసలో గోనె మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒళ్లులా ఉంది. పురుగు పడ్డ గింజ వేడెక్కుతుంది. మామూలుగా అయితే జల్లెడమ్మ పరుగెత్తి చెప్పేది, తలుపులు తెరిపించేది, గోనెలు జరిపించేది. ఎన్నోసార్లు ఎవరూ అడగకుండానే చెప్పింది. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకుని, రుమాలుకి తుడుచుకుని, తన పీట మీదికి వచ్చి కూర్చుంది. ఉడకనీ. ఆయన కాగితం కింద ఆయన సరుకే ఉడకనీ.

ఇంటికెళ్లగానే చెప్పులైనా విడవకుండా కుండ వెనకకి వంగేది. ఇరవయ్యేడు ముడులు, ఇరవయ్యెనిమిది, ఇరవైతొమ్మిది. ఉత్త గోధుమలు. గోదాములో కుప్పలు కుప్పలుగా పుడుతున్నవి ఈ సీసాలో ఒక్కటి పుట్టవు. దేవుడు కూడా ఆ బల్ల వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడనిపించింది. కూతురు పాత పుస్తకాలు ముందేసుకుని ఏవో గీతలు గీసుకుంటోంది. ఈ రాత్రి తినకుండా పడుకుంటుందేమో, నీరసపడిపోతుందేమో, తెల్లారి లేవదేమో. తల్లి బుర్ర ఒక్కో మెట్టు దిగుతూ ఎక్కడెక్కడికో పోయింది.

నాలుగో రోజు సాయంత్రం పని దిగేముందు పళ్లెంలోంచి ఏడు పురుగుల్ని ఏరి, కాగితంలో మడిచి, తలరుమాలు అంచున కట్టుకుంది. ఒకటీ రెండూ అయితే నమ్మరు. పది అయితే అనుమానిస్తారు. ఏడు. దారి పొడుగునా తల మీద అవి కదులుతున్నట్టే ఉంది. కూతురు వీధి కొళాయికి వెళ్లినప్పుడు ఇరవైతొమ్మిది ముడుల సీసా గుడ్డ విప్పి, కాగితం దులిపింది. ఏడూ చచ్చినట్టు పడ్డాయి. ఆమె చూస్తూ ఉంటే మొదటిది కాలు చాచింది.

గుడ్డ మళ్లీ అదే మడతల్లో కట్టింది. ఇది పాపమా అని ఆమె తనని తాను అడగలేదు. లారీలో వచ్చింది నిజం. చీటీ మార్చింది నిజం. అంత నిజానికి ఏడు పురుగులు తోడు పోతే ఏమైంది.

తనిఖీ మేడం సన్నగా, ఎముకలు కనిపించేలా ఉంది. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది. కుర్చీ తనే తుడుచుకుని కూర్చుంది. మేనేజరు కాగితమంతా చదివాడు. ఆవిడ కూతుర్ని అడిగింది. కూతురు నీళ్లలో తేలిన గింజల సంగతి, మొదటి చీటీ సంగతి చెప్పింది. అలాంటి చీటీ ఏదీ లేదన్నాడు మేనేజరు. మేస్త్రిని అడిగితే తన కొక్కేన్ని చూసుకుంటూ, రోజుకి నాలుగొందల గోనెలు మోస్తామని, ఏది ఎక్కడ వేశామో ఎవరికి గుర్తుంటుందని అన్నాడు.

అప్పుడు జల్లెడమ్మ గుమ్మంలోంచి వచ్చి సంచిలోంచి, పొద్దున్నే ముప్పయ్యో ముడి వేసిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. లారీ మీద నుంచి తీసిన గింజ అని, గోదాము మొహం చూడలేదని, ముప్పై రోజులని, ముడులు లెక్కపెట్టుకోమని గడగడా చెప్పింది. చెప్తున్నంతసేపూ మేనేజరు ముఖమే చూసింది. ఆ ముఖంలో రంగు మారడం ఆమె కళ్లారా చూసింది. నాలుగు రోజుల నుంచి కడుపులో ఎగసిన మంట మీద చల్లటి నీళ్లు పడ్డట్టయింది.

మేడం సీసా ఎత్తి చూసి, దాన్ని కూతురి వైపు జరిపింది. "పరీక్ష చేసేది నువ్వే కదమ్మా. చూసి చెప్పు."

కూతురి ముఖం వెలిగింది. తెల్ల పళ్లెంలోకి సీసా వంచి, పురుగుల్ని ఓ పక్కకి తోసి, గింజల్ని పెన్సిలు మొనతో పరిచింది. ఒక వరస. ఇంకో వరస. ఒక్కో గింజనీ బోర్లించింది. అంతసేపెందుకో తల్లికి అర్థం కాలేదు. కూతురి చెవులు ఎర్రబడడం మాత్రం చూసింది.

"బెజ్జాల్లేవు మేడం," అంది కూతురు.

అంటే ఏమిటని ఆవిడ అడిగింది. తెలియక అడిగినట్టు లేదు.

"గింజలో పుట్టిన పురుగు గోడ కొరుక్కుని రావాలి. బెజ్జం ఉండి తీరాలి. ఇక్కడ ఏడు పురుగులున్నాయి, ఒక్క గింజకీ బెజ్జం లేదు. ఇవి బయటి నుంచి వచ్చినవి." తల్లి వైపు చూడలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. తల్లి ఎలాంటిదో కూతురూ అలాంటిదేనని, ఇంక చూడ్డానికి ఏముందని నవ్వుతూ అన్నాడు. జల్లెడమ్మ పళ్లెంలోని ఆ ఏడింటినే చూసింది. తన చేత్తో తనే కూతురి గొంతు నొక్కినట్టయింది. ఆనాడు పెట్టేయ్ అన్న నోరు, నిన్న సీసా విప్పిన చెయ్యి. శత్రువు ఆ బల్ల వెనక ఒకడే లేడు.

"ఏడూ నేనే వేశాను," అంది. "నిన్న సాయంత్రం. దానికి తెలియదు. లోపల ఉన్నవి మాత్రం నేను వేయలేదు."

లోపల ఉన్నాయని ఎలా తెలుసని మేడం అడిగింది. కూతురే పళ్లెం మీదికి మళ్లీ వంగి, భూతద్దం అడిగి తీసుకుని, నాలుగు గింజలు వేరుచేసింది. వాటి మీద జిగురు మూతలున్నాయంది. ఈ ఏడింటిలో ఏదో నిన్న రాత్రి పెట్టిన గుడ్లేనేమో, అన్నాడు మేనేజరు. కావచ్చంది కూతురు. అయితే నిన్నటి గుడ్డు పురుగు కావడానికి నెల కావాలి. ఈ ఏడింటినీ తీసేసి సీసా మూసి ఉంచితే, నాలుగైదు రోజుల్లో ఏదైనా బయటికి వస్తే, అది నిన్నటిది అయ్యే వీలే లేదు.

మేడం తల్లివైపు తిరిగి, ఇన్నాళ్లూ సీసా ఎక్కడ పెట్టారని అడిగింది. నీళ్ల కుండ వెనక, చల్లగా, భద్రంగా, అంది జల్లెడమ్మ.

"అదీ సంగతి. గోనెల్లో వేడికి తొందరగా పెరిగాయి. మీ చల్లదనానికి ఇవి ఆగాయి. అతిగా కాపాడారు."

మిగతా పది సీసాలు కూడా తెప్పించింది. ముడులన్నీ లెక్కపెట్టి గేటు పుస్తకంలో లారీల తేదీలతో సరిచూసింది. ఒక్క ముడి తేడా రాలేదు. ఏడు పురుగుల్నీ కాగితం పొట్లంలో పెట్టి, పైన ఎవరు వేశారో రాసింది. పదకొండు సీసాల మూతులకీ కాగితం అంటించి, సంతకాలు పెట్టించి, మేనేజరు కుర్చీకి ఎదురుగా ఉన్న అద్దాల బీరువాలో వరసగా పెట్టి, తాళం చెవి తన సంచిలో వేసుకుంది. ఊళ్లో ఇంకో మూడు గోదాములు చూడాలట, నాలుగో రోజున మళ్లీ వస్తుందట.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "సాక్ష్యంలో చెయ్యి పెట్టారు. ఏది తేలినా మీరిక ఇక్కడ జల్లెడ పట్టరు. అర్థమైందా?"

జల్లెడమ్మ తలూపింది.

దారిలో కూతురు రెండడుగులు ముందే నడిచింది. మలుపు తిరిగాక మాత్రం ఆగి, "నీ నోటితో నువ్వు ఒప్పుకోకపోతే నేనే చెప్పేసేదాన్నమ్మా," అంది. తల్లికి అది దెబ్బలానే తగిలింది. ఇంటికి చేరాక ఆలోచిస్తే, తన కూతురు ఆ బల్ల వెనక మనిషిలా ఎప్పటికీ కాదని కూడా తోచింది. రెండూ ఒకేసారి కడుపులో పెట్టుకుని పడుకుంది.

పని లేకపోయినా మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆఫీసు కిటికీ కింద రాతి గట్టు మీద కూర్చుంది. గేటు మనిషి ఏమిటంటే, ఊరికే అంది. అక్కడి నుంచి బీరువా కనిపిస్తుంది, మేనేజరూ కనిపిస్తాడు. సంతకాలు పెడుతూ పెడుతూ తలెత్తి సీసాల వైపు చూస్తున్నాడు. చూసి, కిటికీలో ఈమెని చూసి, మళ్లీ కాగితాల్లోకి వంగుతున్నాడు. మధ్యాహ్నానికి కుర్చీ అటు తిప్పుకున్నాడు. పావుగంటైనా కాకుండానే మళ్లీ ఇటు తిప్పుకున్నాడు. వీపు వెనక ఉన్నదాన్ని చూడకుండా ఉండడం ఇంకా కష్టం. జల్లెడమ్మ తెచ్చుకున్న రొట్టె ముక్క మెల్లగా నమిలింది. ఇంత రుచి ఎప్పుడూ లేదు.

భయం మాత్రం వదల్లేదు. అద్దం పగలగొడతాడేమో. పురుగు చచ్చే పొగ మందు పెడతాడేమో. ఆ నాలుగు గింజల్లో పిల్లలు చచ్చిపోయాయేమో, లేకపోతే నీళ్ల కుండ చల్లదనానికి ఇంకో పది రోజులు పడతాయేమో. బీరువా మీద మధ్యాహ్నం ఎండ పడినప్పుడల్లా, మరీ వేడెక్కి మాడిపోతాయేమోనని లేచి నిలబడేది. పురుగులు బతకాలని మనిషి కోరుకోవడం ఆమె ఎక్కడా వినలేదు.

మూడో రోజు ఆయనే కిటికీ దగ్గరికొచ్చాడు. ఎండలో ఎందుకు కూర్చోవడం, లోపలికి రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. ఊచల మీదికి వంగి గొంతు తగ్గించాడు. ఆ కాగితం వెనక్కి తీసుకుంటాడట. తల్లీకూతుళ్లిద్దరూ రేపటి నుంచే పనిలోకి రావచ్చట. ఆ గింజలు ఎక్కడివో తనకి తెలియదని, గోదాము నేల మీద ఏరినవేనేమోనని మేడంతో ఒక్క మాట అంటే చాలట. అంటావు కదూ, అన్నాడు.

జల్లెడమ్మ తలరుమాలు విప్పి, దులిపి, మళ్లీ కట్టుకుంది. తొందరేమీ పడలేదు.

"చూద్దాం, సారూ," అంది.

నాలుగో రోజు మేడం తాళం తీయకముందే అద్దంలోంచి కనిపించింది. ముప్పై ముడుల దగ్గరే ఆగిన సీసాలో, కాగితం కింద గుడ్డకి అంటుకుని, తలకిందులుగా ఒక నల్లటి చుక్క. మేడం బీరువా తెరిచి గాజు మీద గోటితో కొట్టింది. చుక్క కాళ్లు ముడుచుకుని గింజల మీదికి రాలింది. కాసేపటికి అది కాళ్లు చాచి, మళ్లీ పైకి బయల్దేరింది.

"ఎనిమిది," అంది జల్లెడమ్మ. తను పైకి అన్నట్టు ఆమెకే తెలియదు.

కూతురు సీసాని పళ్లెంలో వంచి, పెన్సిలుతో వెతికి, ఒక గింజని విడిగా జరిపింది. దానికి ఒక పక్క, సూదితో చింపినట్టు అంచులు చెదిరిన బెజ్జం. మేడం భూతద్దంలోంచి చూసి, అద్దాన్ని మేనేజరుకి అందించింది. ఆయన వంగాడు. అంత దగ్గరగా ఒక గింజని ఆయన ఎప్పుడైనా చూశాడా అనిపించింది. ఇంకో గింజ లోపలి నుంచి ముక్కు మొన కదులుతోంది. మిగతా పది సీసాలూ శుభ్రంగా ఉన్నాయి.

గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆ లారీ విడిగా వేయమని పాప చెప్పిందని, మూడో వరసలోకి వేయమన్నది సారేనని అన్నాడు. మొన్న గుర్తులేదన్నావు కదా అంది మేడం.

"పురుక్కే నోరొచ్చింది మేడం. నాకు రాదా," అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ.

మేడం పాత కాగితం అడ్డంగా కొట్టేసి కొత్తది రాసింది. సర్టిఫికెట్ తీసి కూతురి చేతికిచ్చింది. కొత్త మనిషి వచ్చేదాకా మేనేజరు తాళాలు గుమాస్తాకి అప్పగించి ఇంటి దగ్గరే ఉండాలని, బావమరిది సరుకు సంగతి పెద్దాఫీసు విడిగా తేలుస్తుందని చెప్పింది. ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని, తన మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని, జల్లెడమ్మ పక్కనుంచే గుమ్మం దాటాడు. దగ్గరగా చూస్తే చొక్కా కాలరు లోపలివైపు చిరిగి ఉంది. ఇన్నాళ్లు తను మనసులో చీల్చిచెండాడిన మనిషి ఇంతేనా అనిపించింది. ఇంకా పెద్దగా పడతాడనుకుంది. ఆ చిరుగు చూసినా ఆమె కోపం తగ్గలేదు. ఆ గ్లాసు కూడా చేతిలోంచి జారిపడితే బాగుండుననే అనిపించింది. జారలేదు.

ఆమె తన జల్లెడ తెచ్చి బల్ల మీద పెట్టింది. వలలో ఇరుక్కున్న రెండు గింజల్ని వేలితో పొడిచి రాల్చి, చెక్క చుట్టునీ తుడిచింది. మేడం తలెత్తి జల్లెడని చూసి, మళ్లీ కాగితం మీదికి వంగింది.

ఆమె బయటికి వచ్చేసరికి గేటు దగ్గర కొత్త లారీ ఆగి ఉంది. కూతురు మేకు మీద నుంచి ఇనుప గొట్టం తీసుకుని, గోనెల మీదికి ఎక్కుతోంది. ఇంకో అంగుళం పక్కకి అడుగు వేస్తే పడిపోతుందని జల్లెడమ్మకి అనిపించింది. పడలేదు. గొట్టం గుచ్చి, లాగి, అరచేతిలోకి గింజ వంచుకుని, ఎండకి పట్టి చూసింది. తర్వాత ఎవర్నో నీళ్లు తెమ్మంది.

జల్లెడమ్మ గేటు అవతలే నిలబడింది. ఇక లోపలికి వెళ్లకూడదు. మేస్త్రి గోనె మోసుకుంటూ ఆమెని దాటి పోయి, వెనక్కి వచ్చి, ఊచల మధ్య నుంచి కొత్త లారీ గోధుమలున్న గుప్పిట చాచాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమె తలరుమాలు అంచు పట్టింది. అతను పోశాడు.

ఇంటికెళ్లి ఇంకో ఖాళీ సీసా వెతికి కడిగి, ఆరబెట్టి, గింజలు పోసి, గుడ్డ కట్టి, దారానికి మొదటి ముడి వేసింది. అలవాటు కొద్దీ నీళ్ల కుండ వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, పొయ్యి పైన వెచ్చగా ఉండే గూట్లో చోటు చేసి, సీసా అక్కడ పెట్టింది.